తెలియనివాళ్లు కావలెను

లోకంలో అందరూ తెలివైనవాళ్లను వెతుక్కుంటారు. పెళ్లికి తెలివైన పిల్ల కావాలి, కొట్లోకి తెలివైన గుమాస్తా కావాలి. మాదాపూర్‌లో అద్దాల మేడ లేపుతున్న మహానుభావులైతే పేపర్లో ప్రకటనలు వేసి మరీ కంప్యూటర్ తెలిసినవాళ్లను పిలుస్తున్నారు. ఆ ఎండాకాలం వెంకటలక్ష్మికి మాత్రం ఏమీ తెలియనివాళ్లు కావలసి వచ్చింది. అదీ ఒకరో ఇద్దరో కాదు, గల్లీ నిండా.

ఆవిడకేం పిచ్చి పట్టలేదు. కర్నూలు వైపు ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సు. ఏటా ఎండలు ముదిరేసరికి విరేచనాల పిల్లలు వచ్చి పడేవాళ్లు. కళ్లు గుంటలు పడి, పెదాలు పగిలి, ఏడవడానికి కన్నీళ్లయినా రాని పిల్లలు. 'నీళ్లు తాగితే ఇంకా పారుతుంది' అని ఇంట్లో చుక్క నీరు పట్టకుండా ఎండబెట్టి తెచ్చేవాళ్లు తల్లులు. వెంకటలక్ష్మి సెలైన్ ఎక్కించేది. బతికిన పిల్లను తల్లి తీసుకెళ్లేది, వచ్చే ఏడు చంటిదాన్ని అట్లాగే ఎండబెట్టి తెచ్చేది. నరం దొరకబుచ్చుకోవడం నేర్పారు గానీ తల్లితో నాలుగు మాటలు మాట్లాడటం మాకెవరూ నేర్పలేదే అని ఆవిడకు ఒళ్లు మండిపోయేది. ఆ నేర్పేదేదో తనే నేర్పాలని, నర్సింగు కాలేజీలో టీచరు కావాలని, సెలవు పెట్టి హైదరాబాదు వచ్చి ఎమ్మెస్సీలో చేరింది. ఎమ్మెస్సీకి థీసిస్ కావాలి. ఎండాకాలంతో పాటు సెలవూ అయిపోతుంది. ఈలోగా థీసిస్ తేలకపోతే మళ్లీ అదే వార్డు, అదే సూది.

థీసిస్ సంగతి చూస్తే చాలా సులువు. కొందరు తల్లులకు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ల పాఠం చెప్పాలి, కొందరికి చెప్పకూడదు. పాఠానికి ముందు అందరికీ ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష. విన్నవాళ్లకు తెలిసి, విననివాళ్లకు తెలియకపోతే పాఠం గొప్పదన్నమాట.

"చూడమ్మా వెంకటలక్ష్మీ, పాఠం నానక్‌రామ్‌గూడలో చెప్పుకో. చెప్పనివాళ్లను మాత్రం నల్లగండ్లలో ఎంచుకో. రెండూ కలవకూడదు సుమా" అంది గైడు భూలక్ష్మి మేడమ్. రాజమండ్రి మనిషి. మాట వెన్నముద్ద, చేతిలో ఎర్ర సిరా మాత్రం పచ్చిమిరపకాయ.

"అట్లే మేడమ్" అని తల ఊపింది వెంకటలక్ష్మి. కానీ నల్లగండ్లకు ఇంకో బస్సు మారాలి, దిగి మాడు పగిలే ఎండలో నడవాలి. నానక్‌రామ్‌గూడలోనే ముందు గల్లీ ఒకటి, వెనక గల్లీ ఒకటి ఉండగా ఎండన పడి చావడమెందుకు? ముందు గల్లీకి చెప్పి వెనక గల్లీకి చెప్పకపోతే సరి. రెండు గల్లీల మధ్యా ఉన్నది ఒక్క బోరింగు. బోరింగుకు నోరు లేదు గదా అనుకుంది. దాని చుట్టూ బిందెలు పెట్టుకు నిలబడేవాళ్లకు ఉంటుందన్న సంగతి ఇంత చదువుకున్న మనిషికి తట్టలేదు!

ముందు గల్లీలో కొమురమ్మ పెద్ద దిక్కు. "ఊకె పిలిస్తే ఎవలూ రారు బిడ్డా. బొట్టు వెట్టి పిలువు" అని సలహా ఇచ్చింది. వెంకటలక్ష్మి కుంకుమ భరిణె పట్టుకుని ముందు గల్లీలో గడప గడపకూ తిరిగింది. ఇంకేం, పాఠం కాస్తా పేరంటమైంది. ఆడవాళ్లు తలలు దువ్వుకుని, పూలు పెట్టుకుని కొమురమ్మ వాకిట్లో చేరారు. వెంకటలక్ష్మి చెంబెడు నీళ్లు కాచి చల్లార్చింది, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర వేసి కలిపింది.

"రుచి చూడండక్కా. కన్నీళ్లెంత ఉప్పగుంటాయో అంతే ఉండల్ల. అంతకు మించితే పారబోసి మళ్లీ కలపల్ల. చెంచా చెంచా తాపించండి. వాంతి చేసుకుంటే కాసేపాగి మళ్లీ తాపించండి. తల్లిపాలు ఆపొద్దు. పిల్ల మగతగా పడి ఉన్నా, ఉచ్చ పోయకపోయినా దవాఖానకు పరుగెత్తండి."

అందరూ తలా ఒక గుక్క తాగి, బాగుందన్నారు. కొమురమ్మ మాత్రం రెండోసారి కూడా పోయించుకుంది.

పాఠాలు ముగిసిన రోజు వెనక గల్లీ సక్కుబాయి బోరింగు దగ్గర నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆవిడ మొగుడు పోచయ్య, గచ్చిబౌలి పక్కన లేస్తున్న మేడకు కాపలాదారు, ఆ నిలబడ్డ తీరు చూసి బిందె అక్కడే వదిలి జారుకున్నాడు.

"ఏం బిడ్డా, ముందు గల్లోళ్లకు బొట్టు వెట్టి పిలుస్తివి. పరీక్షకు కనవడ్డ మా గడపలు బొట్టుకు కనవడలేదా? మేమేమన్న కానోళ్లమా? మా పోరగాండ్లకు కడుపులు లేవా?"

వెంకటలక్ష్మి రెండడుగులు ముందుకు వేసింది. "అట్ల కాదక్కా…"

"ఎట్ల కాదు? సావుకు పిలువకున్నా వస్తం గని, పేరంటానికి పిలువకపోతే మొఖం గూడ జూడం."

ఇక దాచి లాభం లేదు. "రెండు మళ్లున్నాయనుకో అక్కా. ఒకదానికి ఎరువేసి ఒకదానికి వెయ్యకుండా చూస్తేనే కదా ఎరువు సత్తువ తెలిసేది? మీకూ చెప్పినాననుకో, నా చదువు పోతాది. మళ్లీ ఆ వార్డులోనే పడి ఉండల్ల. పరీక్ష కాంగానే ఫస్టు మీ గల్లీకే చెప్తా, మా అమ్మ తోడు" అంది. అంటూండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

సక్కుబాయి చెయ్యి నడుం మీంచి దిగింది. "అంటే మేం ఎరువెయ్యని మడి."

"అవునక్కా."

"మాకు తెల్వద్దు. గంతేనా?"

"అంతే."

"ఓసి నీ… గింత ముచ్చటకు పరేషాన్ అయితవేందే! ఇగ మాకేం తెల్వదు పో. ఫికర్ జేయకు."

వెంకటలక్ష్మి గుండె కుదుటపడి బస్సెక్కింది. తెలియకపోవడం వేరు, తెల్వదనడం వేరు. ఆ తేడా ఆవిడకు బస్సు మెహదీపట్నం చేరినా తట్టలేదు.

రెండో పరీక్షకు భూలక్ష్మి మేడమ్ కాలేజీ జీపులో స్వయంగా వచ్చింది. ముందు గల్లీ వాళ్లు గడగడా అప్పజెప్పారు. మేడమ్ ముఖం వెలిగింది. వెనక గల్లీకి నడిపించగానే 'నల్లగండ్ల కాదా?' అని కనుబొమలు ముడిచింది గానీ, వచ్చాం కదా చూద్దామంది. సక్కుబాయి వాకిట్లో ఆడవాళ్లంతా మూతులు బిగించుకుని వరసగా కూర్చున్నారు. అంత అమాయకంగా ఉన్న ముఖాలను వెంకటలక్ష్మి జన్మలో చూడలేదు.

"పిల్లాడికి విరేచనాలు అవుతుంటే నీళ్లు ఇవ్వాలాండి?" అని మేడమ్ అడిగింది.

"ఒక్క సుక్క గూడ ఇయ్యం" అంది సక్కుబాయి.

"నోరు ఎండిపోతే?"

"ఎండనిస్తం."

"తినడానికి ఏం పెడతారండి?"

సక్కుబాయి కాసేపు ఆలోచించింది. "మిరపకాయ బజ్జీలు."

పక్కనున్న ఆవిడ ఆగలేకపోయింది. "మా ఇంట్ల మామిడికాయ తొక్కు గూడ వెడ్తం."

"అన్నం పెట్టేముందు చేతులు కడుక్కుంటారా?"

"దసరాకు కడుగుతం" అంది మూడో ఆవిడ. చివరి వరసలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వెంకటలక్ష్మీ, పాఠానికి ముందు పెట్టిన పరీక్షలో వీళ్లందరికీ చేతులు కడుక్కోవడం తెలుసు కదమ్మా. పాఠం చెప్పకపోతే ఉన్నది కూడా మరిచిపోతారా?"

వెంకటలక్ష్మికి అర్థమైపోయింది. అంతా తెలుసు వీళ్లకు. బోరింగు దగ్గర బిందె బిందెకూ పాఠం అందింది. తనకోసం నాటకమాడుతున్నారు, అదీ చచ్చుగా! చెప్పేద్దామని నోరు తెరిచింది. చెబితే థీసిస్ పోతుంది. నోరు మూసుకుంది. మేడమ్ ఏదో ఒకటి సర్దుకుంటుందిలే అని మనసు గొణిగింది. అట్లా గొణిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా పెన్ను పట్టుకుని రాస్తూనే ఉంది.

అప్పుడొచ్చింది ఒక పిల్లతల్లి. పాలమూరు నుంచి మేడల పనికి వచ్చిన కూలిమనిషి, గుడిసెల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి రొప్పుతోంది. చంకలో పిల్లాడు వడలిపోయి ఉన్నాడు. "అమ్మా, పొద్దటిసంది ఒకటే పారుతున్నడు. నీళ్లు గూడ ఆపిన. దవాఖాన యాడుందమ్మా?"

సక్కుబాయి దిగ్గున లేవబోయి ఆగింది. మేడమ్ వైపు చూసింది. వెంకటలక్ష్మి వైపు చూసింది. చేతులు రెండూ ఒడిలో పిసుక్కుంటోంది. వరస వరసంతా వెంకటలక్ష్మి వైపే తిరిగింది. ఇంత తెలిసిన మనుషులు తన చదువు కోసం కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు, ఎదురుగా పిల్లాడు ఎండిపోతున్నాడు.

"సక్కుబాయక్కా, లే!" అని అరిచింది వెంకటలక్ష్మి. "లే, నీ పుణ్యముంటాది!"

అంతే, ఎరువెయ్యని మడి మొత్తం లేచింది. ఒకరు కాచి చల్లార్చిన నీళ్ల గిన్నె తెచ్చారు, ఇంకొకరు ఉప్పు డబ్బా. మిరపకాయ బజ్జీల సక్కుబాయి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, కలిపి, నాలిక మీద ఒక చుక్క వేసుకుని చూసింది. "కన్నీళ్లంతనే ఉన్నది" అని, పిల్లాడి నోట్లో చెంచాతో పోసింది. దసరాకు చేతులు కడిగే ఆవిడ, "గబగబ పొయ్యకు, వాంతి జేసుకుంటడు" అని కేకలేసింది. వెంకటలక్ష్మి పిల్లాడి పొట్ట మీద చర్మం పట్టి చూసింది, కళ్లు చూసింది. దవాఖానకు పోవలసిందే అంది.

జీపులో పిల్లతల్లి, పక్కన చెంచాతో సక్కుబాయి, ఆవిడ పక్కన గిన్నె పట్టుకుని ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ భూలక్ష్మి మేడమ్. "గట్టిగ వట్టుకో అమ్మా, సగం నా చీర మీదనే వోస్తున్నవ్" అని గదిమింది సక్కుబాయి. మేడమ్ బుద్ధిగా గిన్నె గట్టిగా పట్టుకుంది.

పిల్లాడు దక్కాడు. డాక్టరు ఆ మాట చెప్పాక దవాఖాన వరండాలో సక్కుబాయి గోడకు చేరబడింది. "నా పెద్దోడు గిట్లనే వాయె బిడ్డా. మా అత్త నీళ్లు ఆపుమన్నది, ఆపిన. ఎవలూ జెప్పలేదు. అందుకే నువ్వు పిలువకున్నా బోరింగుకాడ కొమురమ్మను వట్టుకుని అంతా అడిగి తెల్సుకున్న. నీ చదువు వోతదంటే తెల్వదన్న. నన్నేమనుకోకు" అంది. వెంకటలక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మేడమ్ చీర కొంగు పిండుకుంటూ వచ్చింది. "నల్లగండ్ల వెళ్లమంటే బస్సు మారాలని బద్ధకించావు, అవునా? సరే. పిల్లాడు దక్కాడు కాబట్టి తిట్టను. సెలవు ఇంకా కాస్త ఉంది. నానక్‌రామ్‌గూడ గాలి సోకని ఊరు వెతుక్కో. దొరికిందా, నీ అదృష్టం" అంది.

వెంకటలక్ష్మి ఈసారి బద్ధకించలేదు. లారీల దుమ్ములో పడి, చేలగట్ల మీద నడిచి కోకాపేట వెళ్లింది. మొదటి ఇంటి ముందు నిలబడగానే ఒకావిడ నవ్వుతూ ఎదురొచ్చింది.

"నర్సమ్మవు నువ్వే గదా? రా బిడ్డా. సక్కుబాయి మా ఆడిబిడ్డ. పోచయ్యను దారి అడిగినవంట, కబురు వెట్టింది. నువ్వేం ఫికర్ జేయకు, మాకేం తెల్వదు. గల్లీ మొత్తానికి చెప్పి ఉంచిన."

వాకిట్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. అవే ముఖాలు, అదే అమాయకత్వం. మూలన ఒక అమ్మాయి పిల్లకు చెంచాతో ఏదో పోస్తున్నదల్లా గిన్నెను గభాలున వెనక్కి దాచేసింది.

ఇక్కడ మేడమ్ లేదు. అడిగితే చక్కగా తప్పులు చెబుతారు. రాసుకుంటే థీసిస్ అయిపోతుంది, సెలవు తీరేలోగా డిగ్రీ వస్తుంది. వెంకటలక్ష్మి పెన్ను మూత తీసింది. ఆ దాచిన గిన్నె వైపు చూసింది. మూత పెట్టేసి, అరుగు మీద కూలబడి పకపకా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. వార్డులో పదిమంది నర్సులం ఏళ్ల తరబడి చెప్పలేని మాట ఒక్క బోరింగు దగ్గర నుంచి కోకాపేట దాకా నడిచొచ్చింది. ఇంతకంటే రాయవలసిందేముంది? ఎట్లా వచ్చిందో, ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందో అదే రాస్తాను, మేడమ్ ఎర్ర సిరా సీసా మొత్తం ఒలకబోసినా సరే అనుకుంది.

"అక్కల్లారా, లెక్క మారింది. ఇప్పుడు మీకు తెలిస్తేనే నేను పాసయ్యేది" అంది.

ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. "సక్కుబాయికి తెల్సా ఈ ముచ్చట?" అని అడిగింది ఎదురొచ్చిన వదిన, అనుమానంగా.

"నేను చెప్తాలే."

ఒక చెయ్యి లేచింది. తర్వాత వరసంతా లేచింది. "అబ్బ, పొద్దటిసంది తెల్వదు తెల్వదు అనుకుంట కూసునుడు ఎంత కష్టమమ్మా!" అని ఎవరో అరిచారు, వాకిలి గొల్లుమంది. అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు.

మూలనున్న అమ్మాయి లేచి దాచిన గిన్నె తెచ్చింది. ఎండన పడి వచ్చినవు తాగమని గ్లాసులో పోసి ఇచ్చింది. వెంకటలక్ష్మి ఒక గుక్క తాగి, నాలుక మీద కాసేపు ఉంచుకుని చూసింది.

ఉప్పు సరిగ్గా ఉంది.