కనిపించని జాగా

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. కథ సగానికి వచ్చాక మీరు ఎలాగూ అంటారు.

నా ఉద్యోగం మొబైల్ యాప్‌లలో బటన్లకు, స్విచ్‌లకు రూపం దిద్దడం. ఫోనుతోపాటు వచ్చే రెడీమేడ్ బటన్ ఒకటుంటుంది, బూడిద రంగులో, ఏడుపు మొహంతో. దానికి రంగు వెయ్యాలి. మూలలు ఎంత వంపు తిరగాలో, అంచు ఎంత సన్నగా ఉండాలో, కింద నీడ పడాలో వద్దో, వేలు పడగానే రంగు ఎంత ముదరాలో, అన్నీ తేల్చాలి. స్విచ్ అయితే ఇంకా పెంకి ఘటం. లోపల జారే గుండ్రటి బిళ్ళ ఒకటి, అది జారే గాడి ఒకటి, వేసినప్పుడు ఒక రంగు, ఆర్పినప్పుడు ఇంకో రంగు. "ఇంత చిన్నదానికి రోజంతా కూర్చోవాలా?" అని మా మేనత్త నవ్వుతుంది. ఆవిడ రోజుకు వందసార్లు నొక్కేవన్నీ ఎవరో ఒకరు రోజంతా కూర్చుని దిద్దినవే.

తొమ్మిదేళ్ళుగా మా ఆఫీసులో బటన్ అంటే నేనే. ఆర్నెల్ల కిందట పిచ్చుక వచ్చింది.

అది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పిట్టంత మనిషి. కుర్చీలో కుదురుగా కూర్చోదు, ఈ బల్ల దగ్గర ఒక నిమిషం, ఆ బల్ల దగ్గర ఒక నిమిషం. అందుకని అందరూ ముద్దుగా అలా పిలుస్తారు. నాకు ముద్దూ లేదు, మురిపెమూ లేదు. వచ్చిన రోజే నన్ను "అక్కా" అంది. నేనేమైనా అడిగానా?

మా కంపెనీ పెద్ద వయసువాళ్ళ కోసం ఒక యాప్ మొదలుపెట్టింది. మంచం మీద నుంచే గదిలో లైటు, ఫ్యాను వేసుకోవచ్చు, పక్క గదిలో ఉన్నవాళ్ళను పిలవొచ్చు. మేనేజర్ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "బటన్లూ స్విచ్‌లూ చెరో రకం తయారు చెయ్యండి. శుక్రవారం మీటింగులో ఒకటి ఖాయం చేస్తాం. ఎవరిది ఖాయమైతే ఈ విభాగానికి వాళ్ళే హెడ్" అన్నారు. ఆ కుర్చీ కోసం నేను తొమ్మిదేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాను. పిచ్చుకకు ఆర్నెల్లు సరిపోయాయి!

నేను ప్రాణం పెట్టి చేశాను. పిలిచే బటన్‌కు దానిమ్మ గింజ రంగు, కింద పలచటి నీడ. స్విచ్‌లో జారే బిళ్ళ మీద, వేస్తే సూర్యుడు, ఆర్పితే చంద్రుడు. పిచ్చుకది కూడా చూశాను. నీలం బటన్, తెల్ల అక్షరాలు, అంతే. స్విచ్ మీద బొమ్మా లేదు, పాడూ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళం బుధవారం మధ్యాహ్నాలు వాళ్ళను ఆఫీసుకు తీసుకొచ్చి, తయారవుతున్న యాప్ వాళ్ళ చేతికిచ్చి చూస్తాం. ఆ వారం మా అమ్మను తీసుకెళ్ళాను. అమ్మ నాతోనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఒక చొక్కాల దుకాణానికి కాజాలు కుట్టింది. ఆవిడ కుట్టిన కాజాలో బొత్తాం పెడితే చొక్కా చిరిగేదాకా కాజా వదులయ్యేది కాదు. నాలుగేళ్ళ కిందట కుడిచేతికి వణుకు పట్టుకుంది. చేతిని వాడటం మానొద్దని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి రోజూ పొద్దున సూదులూ దారాలూ ఉన్న రేకు డబ్బా ముందు పెట్టుకుని, పాత గుడ్డ మీద పది కుట్లు వేస్తుంది. సూదిలోకి దారం మాత్రం నేనే ఎక్కించి ఇస్తాను. పదీ అయ్యాక గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, "ఇవాళ వంకర తగ్గిందే" అంటుంది. తగ్గిందో లేదో నాకు తెలియదు. "అవునమ్మా" అంటాను.

అమ్మ నా బటన్ చూసి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందే!" అంది. నొక్కబోతే వేలు పక్కన పడింది. మళ్ళీ నొక్కితే ఇంకో పక్కన పడింది. స్విచ్ తాకితే లైటు వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. వణికే వేలు ఒక్కసారి తాకి ఊరుకోదు కదా.

"ఇప్పుడు ఇది చూడండి, పెద్దమ్మా" అంటూ పిచ్చుక తన ఫోను ఇచ్చింది. మా అమ్మను చూసి అరగంట కాలేదు, అప్పుడే చుట్టరికం కలిపేసింది! అమ్మ నొక్కింది. మోగింది. స్విచ్ వేసింది. లైటు వెలిగింది, వెలిగే ఉంది. పదిసార్లు చేసింది, పదిసార్లూ పలికింది. అమ్మ తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది.

"ఏమ్మా, నా చెయ్యి వణకడం మానేసిందా ఏంటి?" అని నవ్వి, పిచ్చుక బుగ్గలు పుణికింది. "బంగారు తల్లివి!"

నా బుగ్గలు ఆవిడ చివరిసారి ఎప్పుడు పుణికిందో నాకు గుర్తు లేదు. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండింది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూడా అదే జపం. "ఆ పిల్ల ఎంత ఒద్దిక! ఎంత ఓపిక!"

"అమ్మా, నా తల పగిలిపోతోంది. కాసేపు ఊరుకుంటావా?" అన్నాను.

మర్నాడు భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక పిచ్చుక కోడ్ తెరిచాను. మా దగ్గర ఎవరి పనినైనా ఎవరైనా తెరిచి దిద్దొచ్చు. అక్కడ కనబడింది కిటుకు. కంటికి కనిపించే బటన్ నాదెంతో తనదీ అంతే. కానీ దాని చుట్టూ కనిపించని జాగా కొంత వదిలింది. వేలు ఆ జాగాలో పడ్డా బటన్ మీద పడినట్టే లెక్క. స్విచ్‌కు ఇంకొకటి చేసింది. ఒకసారి వేశాక ఒక సెకను దాకా అది రెండో తాకిడిని పట్టించుకోదు. వేలు ఎంత వణికినా లైటు ఆరదు. రెండే రెండు అంకెలు. ఇలా చెయ్యొచ్చని నాకు తెలియక కాదు. తొమ్మిదేళ్ళుగా నా ధ్యాసంతా కనిపించేదాని మీదే ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు ఇది తట్టింది, నాకు తట్టలేదు. ఆ మంట ఎలాంటిదో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

రెండు అంకెలూ చెరిపేసి సున్నాలు పెట్టాను. బటన్ రూపం వెంట్రుకవాసి కూడా మారలేదు. అదే నీలం, అవే తెల్ల అక్షరాలు. మీటింగుకు ఎవరో బయటి పెద్దవాళ్ళను పిలుస్తారు, రెండుసార్లు గురి తప్పుతుంది, అంతేగా అనుకున్నాను. వెళ్ళి భోజనం కూడా చేశాను.

శుక్రవారం మీటింగు గదిలోకి పిచ్చుక చెయ్యి పట్టుకుని వచ్చిన మనిషి మా అమ్మ.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"ఈ పిల్ల నిన్న ఫోను చేసి, తనది నేనే నొక్కాలంది. నీకు చెబితే ఎందుకమ్మా శ్రమ అంటావని చెప్పలేదు." మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

మేనేజర్ గారు అందరికీ టీ చెప్పారు. టీ వచ్చేదాకా అయిదు నిమిషాలు పట్టింది. నా ల్యాప్‌టాప్ నా ముందే తెరిచి ఉంది. ఆ రెండు అంకెలు తిరిగి పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఎదురుగా అమ్మ పిచ్చుక నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి సవరిస్తోంది. నా చెయ్యి కదల్లేదు. కదల్లేదని కాదు, నేనే కదపలేదు.

నా బటన్లు నొక్కడానికి మేనేజర్ గారి మామగారు వచ్చారు. వణుకూ గిణుకూ లేని మనిషి, టకటకా నొక్కేశారు. "బాగుందయ్యా సూర్యుడు!" అన్నారు. తర్వాత అమ్మ. మొదటిసారి పక్కన పడింది. రెండోసారీ అంతే. స్విచ్ వేస్తే గోడ మీద లైటు వెలిగి, ఆరి, వెలిగి, ఆరింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "కంగారు పడకండి పెద్దమ్మా, నెమ్మదిగా" అంది పిచ్చుక, కానీ తన మొహంలోనే నెత్తుటి చుక్క లేదు. అమ్మ మళ్ళీ ప్రయత్నించింది. ఆరుసార్లు. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్ళో ఉన్న సంచి కింద దాచుకుంది.

"ఈ పిల్ల తప్పు కాదు బాబూ" అంది మేనేజర్ గారితో. "బుధవారం బాగానే నొక్కాను. ఈ రెండు రోజుల్లో నా చెయ్యే పాడైంది."

నాది ఖాయమైంది. అందరూ వచ్చి చెయ్యి కలిపారు. పిచ్చుక కూడా కలిపింది.

శనివారం పొద్దున అమ్మ కుట్లు వేసే గుడ్డ తీయలేదు. టీ గ్లాసు తనంతట తాను ఎత్తే మనిషి, "కొంచెం పట్టుకోవే" అంది. పట్టుకున్నాను. రెండు గుటకలు తాగి, రేకు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో. గుచ్చుకుంటే మళ్ళీ నీకే పని."

చెప్పెయ్యాలనే అనుకున్నాను, నిజంగా. అంతలో అమ్మే అంది: "ఆ పిల్లకు ఫోను కలుపు. తప్పు నాదని చెప్పాలి. పాపం, ఎంత కష్టపడిందో! తిండి తిందో లేదో."

పొద్దుటి నుంచి నేనూ ఏమీ తినలేదు. ఆ సంగతి ఆవిడ అడగలేదు. దాంతో నాలో ఏదో తెగింది.

"నీ చేతికేమీ కాలేదమ్మా! ఆ బటన్‌ను నేనే పాడు చేశాను! అంకెలు నేనే చెరిపేశాను, నువ్వు నొక్కలేకపోయింది అందుకే! ఎప్పుడు చూడు, ఆ పిల్ల, ఆ పిల్ల! మరి నేనెవర్ని?"

చూశారా, నిజం కూడా కుళ్ళుతోనే బయటికొచ్చింది.

అమ్మ నా వైపు తిరిగింది. చెంప మీద ఒకటి పడుతుందనుకున్నాను. పడి ఉంటే బాగుండేది.

"అంటే, బుధవారం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా నా చెయ్యి?"

"అలాగే ఉంది."

చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. వణుకుతోంది. ఎప్పుడూ వణికేంతే వణుకుతోంది. అమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఇక ముద్ద కూడా నువ్వే నోట్లో పెట్టాలేమో అనుకున్నానే" అంది. డబ్బా తన దగ్గరికి లాక్కుంది. కాసేపటికి, "నేను ఆరుసార్లు నొక్కాను. నువ్వు ఎదురుగానే కూర్చున్నావు కదా?" అంది.

"కూర్చున్నాను."

"సోమవారం వెళ్ళి చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం మా ఇంట్లో గ్లాసుల చప్పుడు తప్ప మాట వినబడలేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి పిచ్చుక ఒక్కతే ఉంది, ఎన్నడూ లేనిది కుర్చీలో కుదురుగా కూర్చుని. చెప్పేశాను. నేలను చూస్తూ చెప్పాను.

"తెలుసక్కా" అంది.

స్క్రీన్ నా వైపు తిప్పింది. ఏ అంకె ఎవరు మార్చారో, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారో, అన్నీ దానంతటదే నమోదవుతాయి. నా పేరు, గురువారం, భోజనాల వేళ. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చెప్పేది నేనే! కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషికి కళ్ళు కనబడతాయా?

"శుక్రవారం సాయంత్రమే చూశాను" అంది పిచ్చుక.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"పెద్దమ్మకు చెయ్యి బాగానే ఉందని చెప్పాలి. చెప్పాలంటే మీ పేరు చెప్పాలి. ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించినా తట్టలేదు. ముందు మీతోనే మాట్లాడదామని తొందరగా వచ్చాను." స్క్రీన్ మళ్ళీ తన వైపు తిప్పుకుంది. "నాకు కోపం రాలేదనుకోకండి. చాలా వచ్చింది."

ఇద్దరం కలిసి మేనేజర్ గారి గదికి వెళ్ళాం. నేను చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు. పది నిమిషాల్లో తేలిపోయింది. పిచ్చుక హెడ్, నేను తన కింద. బటన్లూ స్విచ్‌లూ తనవే. బయటికి వస్తుంటే పిచ్చుక వెనక్కి తిరిగి, "సార్, ఆ దానిమ్మ రంగు మాత్రం అక్కదే ఉంచుదాం. పెద్దమ్మకు అది నచ్చింది" అంది. ఆ మాటతో నేను ఇంకా చచ్చాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది, పక్కన రేకు డబ్బా.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఆ పిల్ల ఏమంది?"

"ఏమీ అనలేదు. రంగు నాదే ఉంచమంది."

"తిట్టలేదా?"

"లేదు."

"అయ్యో" అంది అమ్మ, నిజంగానే జాలిపడి. "అయితే నీకు ఇంకా మండుతూ ఉంటుందే."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నన్ను ఇంతగా ఎరిగిన మనిషిని, తన చెయ్యి పాడైందని నమ్మించాను.

"నువ్వైనా తిట్టమ్మా."

"తిడతాను. తీరిగ్గా తిడతాను, ఎక్కడికి పోతావు?" గుడ్డ ఒళ్ళో పరుచుకుని, సూదీ దారమూ నాకిచ్చింది. "మూడు రోజుల కుట్లు బాకీ ఉన్నాయి. ముందు ఇది ఎక్కించు."

దారం కొస తడి చేసి, సూది వెలుతురుకు పట్టాను. నా చెయ్యి వణికింది. దారం పక్కకు పోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయింది. అమ్మ తన చెయ్యి తెచ్చి నా చేతి కింద పెట్టింది. రెండు చేతులూ కలిసి వణుకుతుంటే, మూడోసారికి దారం ఎక్కింది.