తప్పు నాదేనండీ

మా వీధిలో చొక్కా బిగుతైనా, వదులైనా, తొడుక్కున్నవాడికి పెళ్ళాంతో పడకపోయినా తప్పు నాదే. అలా అలవాటు చేసింది కూడా నేనే. పదేళ్ళుగా ఈ కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరేమన్నా "తప్పు నాదేనండీ, విప్పి మళ్ళీ కుడతాను" అనడమే. ఒక మాట పడితే పోయేదేముందిలే అనుకునేదాన్ని. పోయేదేమిటో మొన్న తెలిసింది.

మా చిన్నది బడిలో గోడపటం చింపిందని మాస్టారు దాన్ని వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక నువ్వే చింపావా అని నేనడిగితే, "తప్పు నాదేనమ్మా" అంది తల వంచుకుని. అచ్చం నా గొంతు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా! నిజంగా చింపిందో, ఊరికే ఒప్పుకుందో ఎంత అడిగినా చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఆ మాస్టారే వచ్చారు, నేను కుట్టిన కొత్త చొక్కా పట్టుకుని. బొత్తాలు పట్టడం లేదట, గుడ్డంతా పాడుచేశానట. కొలతకని ఆయనిచ్చిన ఆది చొక్కా నాలుగేళ్ళ కిందటిది. ఈ నాలుగేళ్ళూ బొజ్జ ఊరుకుంటుందా? అప్పుడే అనుమానం వచ్చింది. అడిగితే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాను.

"తప్పు" దాకా వచ్చేసింది నాలుక. మూలన చిన్నది రాత ఆపి నన్నే చూస్తోంది. ఈయనకి కోపమొస్తే రేపు బడిలో తిప్పలు దానికే. అయినా లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, మీరిచ్చిన ఆదికీ దీనికీ నూలుపోగంత తేడా లేదు. మళ్ళీ కొలవనా అని అడక్కపోవడం నా పొరపాటే. కుట్టులో మాత్రం తప్పు లేదండీ."

రెండు చొక్కాలూ ఒకదాని మీద ఒకటి పరిచాను. ఆయన వాటిని చూశారు, బొజ్జ చూసుకున్నారు, మెల్లగా నవ్వేశారు. సరే కొలవమ్మా అని చేతులెత్తి నిలబడ్డారు.

నేను టేపు చుడుతుంటే చిన్నది వచ్చి నా పక్కన నిలబడింది.

"మాస్టారూ, పటం నేను చింపలేదండీ. మేకు ఊడి, పడి చిరిగింది. నేను ఎత్తుతుంటే మీరొచ్చారు."

మరి తప్పు నాదేనని ఎందుకన్నావు తల్లీ అని అడిగారాయన.

"అలా అంటే ఇంక తిట్టరు కదండీ. మా అమ్మ అలాగే అంటుంది."

ఆయన నావైపు చూడలేదు, మంచివాడు. రేపు నీ చోట్లోనే కూర్చో అని దానికి చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. టేపు వదిలేసి దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"ఇంక అనదమ్మా మీ అమ్మ" అన్నాను.