పక్క సీట్లో వరదరాజులు

మోటార్‌హోమ్ నేను నడుపుతున్నాను, పక్క సీట్లో మా ఆయన వరదరాజులు కూర్చుని ఉన్నాడు, ఆయన పోయి రెండేళ్లయిందన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు, అయినా దాని గురించి కాకుండా నేను స్టీరింగ్ పట్టుకున్న తీరు గురించి ఆయన పెదవి విరుస్తున్నాడు.

"అట్టా పట్టుకుంటారా ఎవరన్నా? రోకలి పట్టుకున్నట్టు?" అంటాడు.

రోడ్డు కెంటకీలోదే, రెండు పక్కలా మేపుల్ చెట్లు ఎర్రగా మండుతున్నాయి, రాలిన ఆకులు చక్రాల కింద తడితడిగా నలుగుతున్నాయి, కానీ ఒక మలుపు తిరిగేసరికి ఆ ఆకులన్నీ మిషిగన్‌లో మా హాల్లోని ఎర్ర తివాచీ అయిపోతాయి, దాని మీద బండి మెత్తగా సాగిపోతుంది, సోఫాను రాసుకుంటూ వెళ్తున్నా నాకు వింతగా అనిపించదు. సోఫాకు గీత పడుతుంది చూసుకో, అని మాత్రం ఆయన అంటాడు. చచ్చినా మనిషి మారలేదు.

ఏటా ఆకులు రంగు తిరిగే వేళకి మేమిద్దరం ఇంటికి తాళం పెట్టి, మంచం, వంటిల్లు అన్నీ ఉన్న ఈ బండిలో దక్షిణానికి బయల్దేరేవాళ్లం, ఒహాయో, కెంటకీ, టెనెసీ దాటుకుంటూ, దారిలో ఒక్కో స్టేట్ పార్కులో కొన్నాళ్లు మకాం వేస్తూ, ఫ్లోరిడా దాకా. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరుగా రిటైరైనప్పట్నుంచీ ఆయనకిదే సరదా. తిరిగొచ్చాక తెలుగువాళ్ల విందుల్లో గ్లాసు పట్టుకుని, "అడవిలో బతకడమంటే ఏందో మీకేం తెలుసయ్యా" అని మొదలుపెట్టేవాడు. ఆ అడవిలో ఒక్క కాలిబాట మీద కూడా ఆయన కాలు పెట్టిన పాపాన పోలేదు. మడతకుర్చీ వేసుకుని, మోకాళ్ల దాకా సాక్సులు లాక్కుని, ఎవడు టెంటు వంకరగా కట్టాడో, ఎవరి కుక్క ఎంత లావుందో చూసి నవ్వుకోవడమే ఆయన వనవాసం. జింక ఎదురొస్తే ఫోన్ కోసం తడుముకునేవాడు, అది వెళ్లిపోయాక ఫోన్‌ను తిట్టేవాడు. లోపల నేను అరచేయంత పొయ్యి మీద చేపల పులుసు కాస్తుంటే, ఆ కెంటకీ అడవి మధ్యలో, "మామిడికాయ వెయ్యలేదేందే?" అని బయట్నుంచి కేకేసేవాడు. ఇల్లు కదిలేది గానీ నా వంటిల్లు ఎక్కడికీ పోయేది కాదు.

ఇప్పుడు తివాచీ చివర ఒక పార్కు గేటు కనిపిస్తుంది, చిన్న చెక్క గది, అందులో వెడల్పాటి టోపీ పెట్టుకున్న రేంజరు, అతని మొహం ప్రతిసారీ చూసిన మొహంలాగే ఉంది గానీ ఎక్కడ చూశానో గుర్తుకురాదు. నేను అద్దం దించుతాను. ఎంతమంది అని అడుగుతాడు అతను, తెలుగులోనే అడుగుతాడు.

"ఇద్దరమని చెప్పు," అంటాడు వరదరాజులు, సీట్లో సర్దుకుని కూర్చుంటూ.

"ఒక్కదాన్నే," అంటాను.

రేంజరు వంగి ఆయన వైపు చూస్తాడు, సీటు మీద పెట్టిన సామాను చూసినట్టు చూసి, గేటు ఎత్తేస్తాడు. బండి ముందుకు కదులుతుంది. ఆయన చెవులు ఎర్రబడతాయి.

"నేను కనపళ్లేదా వాడికి?"

"కనపడ్డావు. మనిషివని అనుకోలేదు."

ఆయన నా వైపు పూర్తిగా తిరుగుతాడు. "కనపడ్డావా? నన్ను నువ్వంటున్నావా తాయారూ?"

చచ్చిపోవడం కంటే ఇదే ఆయనకు పెద్ద దెబ్బ అని మొహం చూస్తే తెలిసిపోతోంది. పెళ్లైన మర్నాటి నుంచి ఆయన పోయేదాకా మీరు అన్నాను, ఏవండీ అన్నాను, గొంతులో ఎంత చీదర ఉన్నా ఆ మాటల మీద ఇస్త్రీ బట్ట కప్పినట్టు కప్పి అన్నాను. ఇప్పుడా బట్ట ఎక్కడో జారిపోయింది, వెతకాలని కూడా నాకు లేదు.

"నిన్నే," అంటాను. "ఇక్కడ ఇంకెవరున్నారు?"

గేటు దాటాక రోడ్డు నేను అనుకున్న చోటుకు పోదు, ఆ చోటుకే వస్తుంది. కొలను పక్కన పైన్ చెట్ల కింద మా చివరి మకాం, అదే బల్ల, అదే వాన, బల్ల మీద అదే గిన్నె వానలో నిండుతూ. ఆయన చూడనట్టు అటు తిరుగుతాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఆ బల్ల దగ్గర్నుంచి లేచి, ఛాతీ రుద్దుకుంటూ లోపలికొచ్చి పడుకున్నాడు. చెమటలు పట్టాయి, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. ఆ పార్కులో ఫోన్ పనిచెయ్యదు. తాళం ఇవ్వండి, నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను, అన్నాను. ఆయన తాళం జేబులోంచి తీసి, నాకివ్వకుండా గుప్పిట్లో బిగించాడు. కారు తోలినట్టనుకున్నావా దీన్ని, వాన తగ్గినాక నేనే తోలతా, అన్నాడు. నేను బతిమాలాను. వేళ్లు విప్పబోతే నన్ను తోసేశాడు, అంత నొప్పిలోనూ తోసెయ్యడానికి బలం దొరికింది ఆయనకు. చివరికి ఆ వానలో చెప్పులు జారిపోతుంటే గేటు దాకా పరుగెత్తాను. రేంజరు బండిలో నేను తిరిగొచ్చేసరికి ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కానీ చూడటం లేదు. గుప్పిట మాత్రం మూసుకునే ఉంది. రేంజరే ఒక్కో వేలూ విప్పి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎందుకివ్వలేదు?" అని అడుగుతాను. బండి ఆగి ఉందో కదులుతోందో నాకు తెలియడం లేదు, కిటికీల బయట వాన మాత్రం పక్కకు పడుతోంది.

"నీకు తోలేది రాదు గదా."

"ఇప్పుడు ఎవరు తోలుతున్నారు? ఖాళీ మైదానంలో నేర్చుకున్నాను, వరదరాజులూ. బ్రహ్మవిద్యేం కాదు. ఇన్నేళ్లూ నువ్వు బ్రహ్మవిద్యలాగా నటించావు, అంతే."

పేరు పెట్టి కూడా పిలిచేసరికి ఆయన నోరు తెరుచుకుంటుంది. తర్వాత ముందు అద్దం మీద కదులుతున్న వైపర్లను చూస్తూ, కంపెనీ మీటింగులో బ్రేకు ఎందుకు ఫెయిలైందో వివరించినంత తాపీగా చెబుతాడు.

"ఇచ్చుంటే బతికేవాణ్ణేమో. బతికితే ఆసుపత్రి దాకా నీ పక్కన ఇట్టా కూర్చోవాల. ఆ తర్వాత జీవితమంతా ఎవరింటికి పోయినా నువ్వు చెప్పేదానివి, నేనే తోలుకుపోయి బతికించుకున్నాను అని. వాళ్లు నా మొహం చూసి నవ్వేవాళ్లు. అది నా వల్ల కాదు."

"అంతేనా?"

"ఇంకేముంటది?"

నాకు నవ్వొస్తుంది, గట్టిగా, బండి ఊగేంత గట్టిగా. ఈ రెండేళ్లూ, మనసు మెత్తబడ్డ రోజుల్లో, ఆ వాన రోడ్డు మీద నాకేమన్నా అవుతుందని భయపడి ఇవ్వలేదేమో అని కూడా అనుకున్నాను. ఆయనకు ఏడాది తద్దినం పెట్టిస్తూ అదే మాట అనుకుని కళ్లు తుడుచుకున్నాను. ఇంత చిన్న మనిషి కోసమా నేను వానలో పరుగెత్తింది?

"దిగు," అంటాను.

"యాడ దిగేది? వాన పడతా ఉంది."

"దక్షిణం యముడి దిక్కు. ఏటా ఎంతో సరదాగా వచ్చేవాడివిగా. ఎక్కడ దిగినా మీ ఊరే."

ఆయన గొణుక్కుంటూ దిగుతాడు, తలుపు గట్టిగా వెయ్యడం మర్చిపోడు. కానీ వెళ్లిపోడు. నా ముందు రోడ్డు అయిపోయింది, పైన్ చెట్లు దగ్గర దగ్గరగా జరిగి దారి మూసేశాయి, బండిని వెనక్కి తియ్యాలి, ఆయన బండి వెనక్కి వెళ్లి నిలబడి రెండు చేతులూ పైకెత్తి నాకు దారి చూపడం మొదలుపెడతాడు. అది నా పని. ప్రతి పార్కులో, ఎండైనా చలైనా, వెనక నిలబడి చేతులూపిన దాన్ని నేను, కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కవాళ్లందరూ వినేలా, చెయ్యూపడం కూడా చేతకాదా అని అరిచినవాడు ఆయన. ఆయనకా పని ఎట్లా చెయ్యాలో తెలియదు. కుడి చెయ్యి పిలుస్తుంది, ఎడమ చెయ్యి ఆపుతుంది.

"ఎడమకి! నీ ఎడమే, నా ఎడమ కాదు!" అని అరుస్తాడు.

పక్క అద్దంలో ఆయన కనిపిస్తున్నాడు, తడిసిన లుంగీ కాళ్లకు అతుక్కుపోయి, పైకెత్తిన చేతులతో, నేను ఎప్పుడూ చూడనంత పొట్టిగా. జాలి వేస్తుందేమోనని ఒక క్షణం చూస్తాను, వెయ్యదు. ఆయన చేతుల్ని వదిలేసి చెట్లనూ నేలనూ చూసుకుంటూ, నా అంతట నేను వెనక్కి తీస్తాను, మెల్లగా, ఎక్కడా తగలకుండా, రెండు పైన్ చెట్ల మధ్య కొలిచినట్టు నిలబెడతాను. అంత నున్నగా ఆయన జన్మలో ఎప్పుడూ పెట్టలేదు. గర్వంతో ఒళ్లు పులకరిస్తుంది, అద్దం దించి తల బయటపెడతాను.

"చూశారా?" అంటాను.

వెనక ఎవరూ లేరు, వాన ఉంది, ఆకులున్నాయి. నోట్లోంచి ఆ మర్యాద 'రా' మళ్లీ ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, దాన్ని వెనక్కి లాక్కోవాలని చూస్తాను, నాలుక కదలదు, చూసేవాడు లేకపోతే ఈ పని ఎవరికోసం ఇంత బాగా చేశానన్న కోపంతో హారన్ మీద చెయ్యి వేసి నొక్కుతాను, అది మోగుతూనే ఉంటుంది.

హారన్ నాది కాదు. కళ్లు తెరిచాను. మధ్యాహ్నం తిని బండిలో వెనక మంచం మీద వాలినదాన్ని నిద్రపోయినట్టున్నాను. జార్జియాలో ఈ పార్కుకు నిన్న ఒక్కదాన్నే వచ్చాను. కిటికీ మీద సన్నగా వాన జారుతోంది, బయట ఎవరో మగాయన ఇంగ్లీషులో అరుస్తున్నాడు.

తెర పక్కకు లాగి చూశాను. పక్క జాగాలోకి పెద్ద మోటార్‌హోమ్ ఒకటి వెనక్కి వస్తోంది. దాని వెనక, నా వయసావిడే, పసుపు రెయిన్‌కోటు వేసుకుని రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. దాన్ని నడుపుతున్నాయన మళ్లీ హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి ఇంకేదో అరిచాడు. ఆవిడ చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత వాటిని దించి, కోటు జేబుల్లో పెట్టుకుంది.