ఒక్కరోజు తేడా

సూజెన్ టిఫిన్ కొట్టులో టీవీ పొద్దుటినుంచీ మోగుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ శుక్రవారం మాత్రం గుడ్డట్టు తిరగేయబోతున్న ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. నాలుగు నెలలకు కుదించిన నిర్బంధ సైనిక సేవను మళ్ళీ ఏడాది చేయబోతున్నారట. ఇంకా ప్రకటించలేదు, నేడో రేపో ప్రకటిస్తారని వినికిడి. రెండువేల అయిదు జనవరి ఒకటిన గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మగపిల్లలందరికీ ఏడాది. ఒక్కరోజు ముందు పుట్టినవాడికి నాలుగు నెలలే.

మూల బల్ల దగ్గర సోయాపాలు తాగుతున్న కో అనే ముసలాయన సంబరపడిపోయాడు. ఆయన ఒకప్పుడు నౌకాదళంలో చేసినవాడు. "ఏడాదేనా? మేం మూడేళ్ళు చేశాం! ఈ కాలం కుర్రాళ్ళకి తుపాకీ ఏ వైపు పేలుతుందో కూడా తెలీదు."

"తాగడం అయితే లేవండి తాతా, బల్ల కావాలి" అంది సూజెన్. రోజూ ఆయనకు అడక్కుండానే రెండో కప్పు పోసేది ఆమే. ముసలాయన బిత్తరపోయి లేచాడు. పెనం మీద అట్టు మాడిపోయింది.

ఆమె అన్న యోంగ్‌ఫా సైన్యానికి వెళ్ళినప్పుడు ఆమెకు పదహారేళ్ళు. ఎక్కడికి పంపాలో చీటీ తీస్తే శత్రువు తీరానికి ఎదురుగా ఉన్న కిన్మెన్ దీవి పడింది. "ప్రైజు కొట్టావురోయ్!" అని వీధిలో కుర్రాళ్ళు ఏడిపించారు. పధ్నాలుగో నెలలో ఇద్దరు అధికారులు వచ్చి అన్న అస్థికల జాడీ బల్ల మీద పెట్టారు. ప్రమాదమట. ఏం ప్రమాదమని నాన్న అడిగితే, అలాంటివి అడక్కపోవడం మంచిదన్నారు. అన్నకు కూడా నాలుగు నెలలే అయి ఉంటే పెళ్ళీ పిల్లలతో ఈ వీధిలోనే ఉండేవాడు కదా అని సూజెన్ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

ఇప్పుడు కొడుకు వంతు వచ్చింది. కాగితాల ప్రకారం కైరుయ్ పుట్టింది జనవరి ఒకటి పొద్దున తొమ్మిదీ నలభైకి. నిజంగా పుట్టింది ముందురోజు మధ్యాహ్నం నాలుగింటికి.

ఆ పని అత్తగారిది. సిజేరియన్‌కి జాతకాలాయన చేత ఎర్రకాగితం మీద ముహూర్తం రాయించి తెచ్చింది. పిల్లాడు ముహూర్తందాకా ఆగలేదు. ఆవిడ ముసలి డాక్టరు కాళ్ళావేళ్ళా పడి, కాగితంలో మాత్రం ఆ ముహూర్తమే రాయించుకుంది. దేవుణ్ణి కూడా దొంగకాగితంతో బోల్తా కొట్టిద్దామనుకునే మనిషి, అని సూజెన్ మంచంలోంచే తిట్టుకుంది. అప్పుడే కడుపు కోయించుకున్న మనిషి మాట ఎవరు వింటారు?

ఆ డాక్టరు పోయాడు, ఆస్పత్రి మూతపడింది. అయిదేళ్ళ క్రితం భర్త కూడా పోయాడు. మిగిలింది ఒక ఫోటో. అందులో భర్త పసివాణ్ణి ఎత్తుకుని నవ్వుతున్నాడు, కింద మూల కెమెరా వేసిన తేదీ ఉంది. రెండువేల నాలుగు, డిసెంబరు ముప్పై ఒకటి.

"ఇంకా చట్టమే రాలేదు, నువ్వప్పుడే శోకాలు మొదలెట్టావు" అన్నాడు కైరుయ్ ఆ సాయంత్రం. "ఏడాది వెళ్తే నాకూ కండలొస్తాయి. నువ్వూ ఏడాది నాకు వండిపెట్టక్కర్లేదు, హాయి."

"నోర్ముయ్ వెధవా" అంది సూజెన్, ఏడుస్తూనే.

సోమవారం పుట్టిన తేదీ దిద్దించడానికి అత్తగారిని జననాల నమోదు ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఆవిడ ముందు రానంది. మోకాళ్ళంది, చలంది. చివరికి సూజెన్ నేలమీద కూలబడి ఆవిడ పాదాలు పట్టుకుంది. ఆ ఇంట కాపురానికి వచ్చాక ఆవిడను ఏదైనా అడగడం అదే మొదలు. "లేవే, వస్తాను" అంది ముసలావిడ, ఎటో చూస్తూ.

కౌంటరు దగ్గరున్న కళ్ళద్దాల అమ్మాయి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదొక్కటే చాలదండీ, కెమెరాలో తేదీ ఎవరైనా మార్చేయొచ్చు. పుట్టినప్పుడు దగ్గరున్న బామ్మగారి మాట రాసుకుని పైకి పంపిస్తాను. ఒక్కసారి ముద్ర వేశాక మళ్ళీ మార్చడం కుదరదు, బాగా ఆలోచించుకోండి. బామ్మగారూ, మీ మనవడు ఏ రోజు పుట్టాడు?"

"జనవరి ఒకటి" అంది అత్తగారు. "పొద్దున."

"అత్తయ్యా!" సూజెన్ అరుపుకి హాలంతా వెనక్కి తిరిగింది. "మీ చేతుల్తో కాదూ వాణ్ణి మొదట ఎత్తుకుంది? నాలుగింటికి కాదూ? మీ మనవణ్ణి మీరే చంపుకుంటారా?"

"చావకూడదనేగా ఇదంతా!" ముసలావిడ కూడా అరిచింది. "ముప్పయ్యొకటిన పుడితే ఇరవై నిండకుండా ఇనుముతో గండమన్నాడే ఆ జాతకాలాయన! నువ్వు నవ్వుతావని నీకు చెప్పలా. నా కొడుక్కీ చెప్పలా. ఇన్నేళ్ళూ ఆ కాగితమే వాణ్ణి కాసింది. ఇవాళ నా నోటితోనే అది అబద్ధమని ముద్ర వెయ్యమంటావా? వేశాక వాడి చేతికి తుపాకీ ఇస్తారు. గండానికి నాలుగు నెలలు చాలవటే?"

ఇంకెప్పుడైనా అయితే సూజెన్ నవ్వేది. జాతకమూ గాడిదగుడ్డూ అని ఒక్క మాటలో తేల్చేసేది. జాతకాల మీద ఆమెకు నమ్మకం లేదు, నిజమే. నమ్మకం లేదని కొడుకు ప్రాణాన్ని పందెం కాయగలదా? ఏడాదంటే అన్న ముఖం కనిపిస్తోంది. నాలుగు నెలలంటే ఇనుము గుర్తొస్తోంది. ఈ ముసలిది ఆ ముక్కను తనతోనే కాటికి పట్టుకుపోయినా బాగుండేదని కడుపు మండిపోయింది. ఆ ముసలిది పక్కనే రెండు చేతులూ జోడించుకుని నిలబడింది.

"ఏం రాయమంటారమ్మా? తల్లిగా మీరేమంటారు? వెనక జనం ఉన్నారు" అంది కౌంటరు అమ్మాయి.

సూజెన్ ఫోటో తీసి సంచిలో పెట్టుకుంది. "కెమెరాలో తేదీ తప్పు పడిందండీ. ఆవిడ చెప్పిందే నిజం."

అత్తగారు తన పేరు చెక్కిన ముద్ర తీసి కాగితం మీద వేసింది. అమ్మాయి ఫైలు మూసి తర్వాతి నంబరు పిలిచింది.

మెట్లు దిగుతుండగా కైరుయ్ ఫోను చేశాడు. బడిలో భోజనాల వేళ, వెనకాల పిల్లల అల్లరి వినిపిస్తోంది.

"అయిందా అమ్మా? రాసుకున్నారా?"

సూజెన్ రెయిలింగు పట్టుకుని మెట్టు మీద ఆగింది.

"నాలుగు నెలలేగా ఇక?" కైరుయ్ గొంతు తగ్గించాడు, ఎవరూ వినకూడదన్నట్టు. "కండలూ అవీ ఊరికే అన్నానమ్మా. మా క్లాసులో అందరూ ఇదే మాట. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. భయమేస్తోందమ్మా. నువ్వు వెళ్ళావు గదా, ఇక పర్లేదులే అనుకున్నా. చెప్పమ్మా, నాలుగు నెలలేగా?"

ఆమె మెట్టు మీదే కూర్చుండిపోయి ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. అత్తగారు పక్కనే నిలబడి ఆమె ముఖంలోకి చూస్తోంది. "ముందు అన్నం తినరా, ఇంటికొచ్చాక చెప్తాను" అంది సూజెన్, సంచిలోని ఫోటోను ఇంకా లోపలికి తోస్తూ.