మోతీబాయి కూనిరాగం

క్యారల్స్ బృందానికి చాయ్ కాచడం మోతీబాయి పని. పెళ్లయిన నాటి నుంచి డిసెంబర్ వచ్చిందంటే వాకిట్లో డప్పు, పొయ్యి మీద పెద్ద గిన్నె. పాడేవాళ్లు పాడి వెళ్లిపోతారు, గ్లాసులు కడిగేది ఆమె. కడుగుతూ తీసే కూనిరాగం ఒకటి భర్త అబ్రహాం చెవిన పడింది. బాగుందే అనుకుని ఆ రాగంలో ఏసయ్య పుట్టిన పాట కట్టాడు. తొర్రూరు చర్చిలో అందరూ అతన్ని తెగ మెచ్చుకున్నారు. ఆ రాగం ఎక్కడిదని మోతీబాయిని ఒక్కరూ అడగలేదు, మొగుడితో సహా.

అది రెండువేల తొమ్మిది. తెలంగాణ ఇస్తామన్న మాట ఢిల్లీ నుంచి వచ్చిన సంబరం ఇంకా ఆరలేదు. సినిమాల్లో మన యాసను ఎక్కిరించినోళ్లకు మన పాటతోనే జవాబు చెప్పాలని అబ్రహాం ఊరంతా చెప్పి తిరుగుతున్నాడు. వినడానికి బాగానే ఉండేది. ఇంట్లో మోతీబాయి తన కూతురు కీర్తనతో పుట్టింటి భాష లంబాడీలో మాట్లాడితే మాత్రం, "గా తండ మాటలు పోరికి అంటియ్యకు, బళ్లె నవ్వుతరు" అనేవాడు. అత్త లచ్చమ్మ అయితే, కోడలు తల్లితో ఫోన్లో మాట్లాడినప్పుడల్లా తననే తిడుతున్నదని అలిగేది. మోతీబాయికి ఒళ్లు మండేది. మండినా నోరు మూసుకునేది.

ఆ ఏడు క్యారల్స్ ఆమె పుట్టిన తండాకూ పోవాలనుకున్నారు. నువ్వుంటే మీవాళ్లు తలుపులు తీస్తారని అబ్రహాం ఆమెను, కీర్తనను వెంట తీసుకుపోయాడు. పొద్దుగూకే వేళ, తల్లి నీలి ఇంటి ముందు డప్పు కొట్టి హుషారుగా పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికి ముసలవ్వలు ఒక్కొక్కరే కొంగు నోట్లో కుక్కుకున్నారు. నీలి కూతురి మెడ పట్టుకుని బావురుమంది. డప్పు ఆగిపోయింది.

"ఎవలన్న సచ్చిపోయిండ్రా?" అన్నాడు అబ్రహాం భయంగా.

"లేదు," అంది మోతీబాయి. "ఆడివిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు అమ్మను పట్టుకొని ఏడ్సుకుంట పాడే పాట గిది. ఢావ్‌లో అని మా తండల దీని పేరు. మనది చర్చిల పెండ్లాయె, నన్ను పాడనియ్యలే. గందుకే గ్లాసులు కడుక్కుంట పాడుకున్న."

అబ్రహాం ముఖం చిన్నబోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు. ఎల్లుండి బస్టాండు కాడి తెలంగాణ సభల మన బాణి అని నా పాట పెట్టిండ్రు."

ఆ 'మన'లో తాను ఎక్కడుందో మోతీబాయి వెతుక్కుంది. దొరకలేదు. వింతేమిటంటే ఆమెకు ఏడుపు రాలేదు. తల్లిని పట్టుకుని, పెళ్లినాడు పాడాల్సిన పాటను మొదటి నుంచి చివరి దాకా పాడింది, లంబాడీలోనే. పాడుతుంటే ఇన్నేళ్ల బరువు దిగినట్టయింది. కీర్తన నోరు తెరుచుకుని అమ్మనే చూస్తోంది.

పాట అయ్యాక మోతీబాయి భర్త వైపు తిరిగింది.

"సభల నేనే పాడుత. నా భాషల. అది నీకు మనదనిపిస్తే, పక్కన నిలవడి డప్పు కొట్టు."