ఎనిమిదిన్నరకు ఉల్లివేళ్లు

పెనం మీద జొన్నరొట్టె పొంగుతున్నా అలేఖ్య కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ఎనిమిది ఇరవై. కిటికీలో నాలుగు గ్లాసుల మీద నాలుగు ఉల్లిగడ్డలు, నీళ్లలోకి తెల్లటి వేళ్లు దించి కూర్చున్నాయి. ఆ వేళ్ల కొసల్లో కణాలు బాగా చీలేది పొద్దున్నే. క్రోమోజోములు రెండేసిగా విడిపోయి చెరో కొసకు జరుగుతుంటాయి. అప్పుడు కోసి మందులో వేస్తే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది. బోథ్‌లోని ఈ ఇంటికి రొట్టెలు కావలసిందీ సరిగ్గా అప్పుడే.

రెండుసార్లు రొట్టెలయ్యాకే కోసింది. రెండుసార్లూ ఆదిలాబాద్ కాలేజీ మైక్రోస్కోపు కింద ఒక్క కణమూ చీలుతూ కనిపించలేదు. "పెండ్లయినోళ్లకు కష్టమేనమ్మా," అన్నాడు అక్కడ పరిశోధన చేయించే సదానందం సారు. మూడోసారి వేళ్లొచ్చిన గడ్డలు పాడైపోతాయని అత్త బాలవ్వ పప్పులో వేసేసింది.

అడవిపత్తిని మన పత్తితో కలిపితే పుట్టే మొక్క గొడ్డుపోతుంది. దాని క్రోమోజోములు రెట్టింపు చేస్తే కాయ కాస్తుంది. ఆ పరిశోధనలో ఉన్నది ఒక్కటే సీటు, దానికి పరీక్ష ఈ ఉల్లివేళ్లే. రేపు చీలుతున్న కణాల స్లైడు చూపించలేకపోతే ఆ సీటు వేరొకరిది.

"ఉల్లిగడ్డ కోసుడేనాయె. గది ఇంట్ల రోజూ కోస్తలేవా?" ఇది భర్త రాంచందర్ మాట. నవ్వుతూ అన్నాడు కాబట్టి కోపం తెచ్చుకుంటే తప్పు ఆమెదే అవుతుంది. అయినా ఆమెకు ఒళ్లు మండింది.

ఎనిమిదిన్నర. అలేఖ్య స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని కత్తెర అందుకుంది.

"ఇంకో రొట్టె ఏది?" పళ్లెం ముందు నుంచి రాంచందర్.

"పిండి కలిపే ఉన్నది. చేసుకో."

"నాకొస్తదా?"

"నాకు పుట్టంగనే వచ్చిందా?"

అతను తల్లి వైపు చూశాడు. పెళ్లికి ముందు విత్తన పత్తి చేలల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి రాసిన మనిషి బాలవ్వ. కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"పుప్పొడి పొద్దుగాలనే రాయాలె కొడుకా. యాళ దప్పితే కాయ పట్టది. దాన్ని కోసుకోనియ్యి."

మర్నాడు మైక్రోస్కోపు కింద నీలిరంగు పోగులు రెండు కొసలకు జరిగి కనిపించాయి. ఇటు ఎన్నో అటూ అన్నే. కంటికి కనిపించని కణం కూడా పాళ్లు సమానంగానే పంచుతుంది, మా ఇంటికే చేతకాలేదు అనుకుంది అలేఖ్య.

సదానందం సారు చాలాసేపు చూసి తలెత్తాడు. "మంచిగ వచ్చినయమ్మా. మరి రోజూ గా యాళకు కోస్తవా? ఇంట్ల పనో?"

"ఇగ పొద్దుగాల రొట్టెలు మా ఆయన చేస్తడు సార్," అంది అలేఖ్య. "ఆయనకింకా తెల్వది."