వాపసు తీసుకున్న సవరణ

నాగపూర్‌లో మహారాష్ట్ర అసెంబ్లీ శీతాకాల సమావేశాలు మొదలైన సోమవారం, ఎమ్మెల్యే వత్సల గర్జే సభలోకి వస్తూనే తలెత్తి గ్యాలరీ వైపు చూసింది. శుక్రవారం అక్కడ తన అక్క సోజర్ కూర్చుంటుంది. చెరుకు కూలీల బిల్లు చర్చకు వచ్చేది ఆ రోజే.

సోజర్ పెళ్లయిన ఏడాది నుంచి పరాయి జిల్లాల తోటల్లో చెరుకు నరుకుతోంది. మొగుడూ పెళ్లామూ కలిసి ఒక కొడవలి లెక్క. ఆడమనిషి ఒంట్లో బాగోక ఒక్క రోజు పడుకున్నా, కూలీలను తోలుకెళ్లే ముకద్దం ఇద్దరి కూలీలోంచీ జరిమానా పట్టుకుంటాడు. నెలనెలా ఆ బాధ పడలేక, ఇద్దరు పిల్లలు పుట్టగానే సోజర్ గర్భసంచి తీయించేసుకుంది. అప్పటికి ఆమెకు నిండా ముప్పై ఏళ్లు లేవు. వాళ్ల ఊళ్లో అలా తీయించుకోని ఆడవాళ్లను వెతుక్కోవాలి. చెల్లెలిని మాత్రం చెరుకు తోట గట్టు ఎక్కనివ్వలేదు. చదివించింది.

సర్కారు తెచ్చిన బిల్లులో కూలీలకు బీమా ఉంది, వాళ్ల పిల్లలకు హాస్టళ్లు ఉన్నాయి. ఆ జరిమానా ఊసు లేదు. ఆడవాళ్లు సెలవు పెడితే జరిమానా పట్టకూడదని వత్సల తన పేరు మీద ఒక సవరణ ఇచ్చింది.

సోమవారం ప్రతిపక్షం సభ మెట్ల మీద బైఠాయించింది. మంగళవారం అరుపుల్లో పోయింది. బుధవారం మంత్రి బిల్లు ప్రవేశపెట్టాడు. గురువారం పొద్దున పాలకపార్టీ ఎమ్మెల్యేల సమావేశానికి రమ్మని వత్సలకు కబురొచ్చింది.

ఆబాసాహెబ్ కాళభోర్ సమావేశం జరిగే బంగళా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పార్టీలో ఆయన మాటకు ఎదురు లేదు. చక్కెర ఫ్యాక్టరీలున్నవాడు. వత్సలకు టికెట్ ఇప్పించిందీ ఆయనే.

"రా అమ్మా. అటుకుల పోహా తిన్నావా? పైన కారప్పులుసు, తర్రీ, బాగా పోయించుకో, చలికి హాయిగా ఉంటుంది" అన్నాడు. ఆమె ప్లేటు అందుకున్నాక నెమ్మదిగా అడిగాడు, "మరి ఆ సవరణ ఏం చేద్దాం?"

"ఓటింగుకి పెట్టనివ్వండి ఆబా. ఓడిపోతే ఓడిపోతాను."

"నెగ్గుతావమ్మా, అదే నా దిగులు! ప్రతిపక్షమంతా నీ వెనకే లేస్తుంది. మనలోనూ మెత్తటి గుండెలవాళ్లున్నారు. నువ్వు నెగ్గిన మరుక్షణం మంత్రి బిల్లే వెనక్కి తీసుకుంటాడు. హాస్టళ్లు పాయె, బీమా పాయె."

"ఒక్క జరిమానా వద్దంటే ఫ్యాక్టరీలు మూతపడతాయా?"

"ఇవాళ జరిమానా అంటావు, రేపు కాన్పు సెలవుకీ కూలీ ఇమ్మంటావు. నాకు తెలీదా ఇది ఎక్కడిదాకా పోతుందో?"

వెనకనుంచి ఎవరో, "మన అక్కగారు వత్సల తాయీకి మంత్రి పదవి కావాలేమో, అడిగి చూడండి" అన్నారు. నలుగురూ నవ్వారు.

"నోర్ముయ్! ఆవిడ నా కూతురి లాంటిది" అని ఆబాసాహెబ్ కసిరాడు. మళ్లీ ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పిల్లలు తోటల్లో బురదలో పడుకుంటున్నారు. వాళ్లకి ముందు ఒక కప్పు రానీ. మిగతాది తర్వాత చూద్దాం."

ఆ మాట అబద్ధమైతే బాగుండునని వత్సలకు అనిపించింది. కాని పిల్లలు బురదలో పడుకోవడం ఆమె కళ్లారా చూసిందే.

శుక్రవారం పొద్దున్నే సోజర్ బస్సు దిగి నేరుగా ఎమ్మెల్యే క్వార్టర్లకు వచ్చింది. మూటలో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు.

"మా గుంపులో ద్వారక అని చిన్నపిల్ల ఉందే, ఒక్క పాప తల్లి. గర్భసంచి ఆపరేషన్‌కి డాక్టరు దగ్గరికి బయల్దేరింది. జుట్టు పట్టుకుని ఆపాననుకో! మా చెల్లి చట్టం తెస్తోంది, ఇక నీకు జరిమానా లేదు, నోరుమూసుకుని కూర్చో అన్నా" అని నవ్వింది.

వత్సల ఇంకో రొట్టె తుంచింది. ఆబాసాహెబ్ అన్న మాట చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది.

మధ్యాహ్నం స్పీకర్ ఆమె పేరు పిలిచాడు. లేచి నిలబడింది. చెరుకు తోటల్లో ఆడవాళ్లు పడే యాతన చెప్పింది. అందరూ ఓటు అడుగుతుందనుకున్నారు.

"ప్రభుత్వం ఈ విషయం ముందుముందు పరిశీలిస్తుందన్న నమ్మకంతో, అధ్యక్షా, నా సవరణను వాపసు తీసుకుంటున్నాను."

"ఏం తాయీ, కొడవలి మొద్దుబారిపోయిందా?" అని ప్రతిపక్షం బెంచీల్లోంచి ఒకాయన అరిచాడు. గోలలోనే బిల్లు నెగ్గింది. బల్లలు మోగాయి. ఆబాసాహెబ్ వెనక్కి తిరిగి ఆమెను చెయ్యెత్తి దీవించాడు. ఆమె గ్యాలరీ వైపు చూడలేదు.

బయట వరండాలో సోజర్ గోడకానుకుని నిలబడి ఉంది.

"ఇంగ్లీషేం కాదుగా, అంతా తెలిసింది" అంది.

"అక్కా, పట్టుబట్టి ఉంటే మొత్తం బిల్లే పోయేది..."

"తిట్టడం లేదే. ఇన్నాళ్లూ ముకద్దం మాకే అనుకున్నా. నీకూ ఉన్నాడు." చెంగుతో చెల్లెలి మొహం తుడిచింది. "ఏడవకు, జనం చూస్తున్నారు. నేను పోతా. ద్వారకకి నేనే చెప్పాలిగా."

ఉండమన్నా ఉండలేదు. ఆ సాయంత్రం బస్సుకే తోటకు వెళ్లిపోయింది.

ఎండాకాలం మొదట్లో కూలీలు ఊళ్లకు తిరిగొచ్చారు. కొత్త హాస్టల్ తెరవడానికి వత్సల వెళ్లింది. డప్పులు, గులాలు రంగులు. జనంలోంచి బక్కపలచని అమ్మాయి ఒకతె, ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో పాపను పట్టుకుని దగ్గరికొచ్చింది.

"తాయీ, నేను ద్వారకని. పాపకి సీటొచ్చింది. మీ కడుపు చల్లగా ఉండాలి" అని కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగబోయి, వంగలేక ఆగిపోయింది.

వత్సల గబుక్కున ఆమె భుజాలు పట్టుకుంది. చుట్టూ ఫొటోలు తీస్తున్నారు. పాప కొత్త యూనిఫాం చూపిస్తూ ఏదో చెబుతోంది. ఎంత చెవి ఒగ్గినా ఆ మాటలు వత్సలకు వినబడలేదు.